గడికి సున్నం, మాకు నోటీసు

మా నాయినకు చదువు రాదు. అందుకే ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆరె, రంపె, మైనపు ముద్ద ఉండే రేకు డబ్బాల దాచిపెట్టిండు. పొద్దున పది గొట్టంగ ఎవరో వచ్చి ఇచ్చిపోయిండ్రట. సాయంత్రం నేను బడి నుంచి బండి మీద వస్తుంటే కమాన్ కాడ చెయ్యెత్తి ఆపిండు.

"ఏం రాసిండ్రో సూడు బిడ్డా. మళ్ల లోన్ ఇస్తరా ఏంది?"

లోన్ కాయితం కాదది. పాత బజారు వారసత్వ పునరుద్ధరణ, సుందరీకరణ పనులలో భాగంగా కమాన్ పరిసరాలలో ఉన్న అనధికార ఆక్రమణలను ఏడు రోజులలోగా తొలగించుకోవాలని రాసి ఉంది. లేకుంటే వాళ్లే తొలగిస్తరట. ఆ ఖర్చు కూడ మా దగ్గరనే వసూలు చేస్తరట. క్లాసుల నలబై మంది పిల్లలకు వినపడేటట్టు పాఠం చదివే గొంతు నాది. ఆ రోజు ఆ నాలుగు లైన్లు చదవనీకి గొంతు పెగల్లేదు.

"అనధికార ఆక్రమణ అంటే ఏంది కొడుకా?"

"అంటే... నువ్వే నాయినా."

ఆయన నవ్విండు. చేతిల ఉన్న చెప్పుకు ఇంకో కుట్టు ఏసి దారం కొరికిండు. మా వంశంల డిగ్రీ దాక చదివిన మొదటోన్ని నేను. ఆ చదువుతోని మా నాయినకు నేను చేసిన మొదటి పెద్ద ఉపకారం, నువ్వు ఆక్రమణవని చదివి చెప్పుడు. ఈ వ్యాసం అక్కడి నుంచే పుట్టింది.

మా ఊరు పట్నం కాదు, పల్లె కాదు. తెలంగాణల ఇసొంటి ఊర్లు చానా ఉన్నయి. ఊరి నడిమిట్ల గడి. గడి ముందర కమాన్. కమాన్ నుంచి గంజు దాక రెండు దిక్కుల పాత అంగళ్లు. కింద రాతి గద్దెలు, మీద చెక్క మేడలు, డంగు సున్నం గోడలు. కమాన్ కు ఎడమ దిక్కు మెట్ల బాయి. ఇదంత దాటి, చెరువు కట్ట కింద, మా మీదికెళ్లి వీచిన గాలి ఊరి మీదికి పోని దిక్కు చూసి పెట్టిన మాదిగ వాడ.

ఇప్పుడు ఈ నడిమి ఊరిని మళ్ల బతికించాలె అంటున్నరు. గడిని బాగు చేస్తరట. కమాన్ కు సున్నం పూస్తరట. అంగళ్ల ముఖాలన్ని ఒక్క తీరుగ చేస్తరట. టూరిస్టులు వస్తరట, వ్యాపారం పెరుగుతదట, ఊరికి కళ వస్తదట. నేను ఈ మాటలు విని నవ్వుత లేను. పాత కట్టడం కూలితే నాకూ బాధయితది. కని "ఊరి నడిమిట్ల" అన్న మాట మా వాడల ఇంకో తీరుగ వినపడుతది. అది చెప్పులు విడిచే జాగ.

మా తాత ఊరందరికి చెప్పులు కుట్టిండు. దొరకు కిర్రు చెప్పులు కుట్టిండు. మోట బొక్కెనలు, ఎడ్ల పలుపులు, డప్పులు అన్ని ఆయన చేతి మీదనే తయారైనయి. ఆ చేతులకు కూలి లేదు, వెట్టి. గడి ముందుకెళ్లి పోవాలంటే మా తాత తను కుట్టుకున్న చెప్పులు చేతుల పట్టుకోవాలె, తలకు చుట్టిన తువ్వాల నడుముకు కట్టుకోవాలె. చెప్పులు పుట్టించినోని కాళ్లకు చెప్పులు లేని బజారు అది. ఏ బజారునైతే మళ్ల పాత రూపానికి తేవాలె అంటున్నరో, అది ఇదే బజారు.

మా అవ్వ ఇంకొకటి చెప్పేది. గడికి మీది అంతస్తు కట్టినప్పుడు మా ముత్తాత డంగు గానుగ కాడ వెట్టి చేసిండట. సున్నం, ఇసుక గుండ్రటి కాలువల పోసి, పెద్ద రాతి చక్రం తిప్పి నలగ్గొడుతరు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతరు. మామూలుగ ఎడ్లు తిప్పే పని. దొర ఎడ్లు నాట్ల మీద ఉన్నప్పుడు ఆ చక్రాన్ని మనుషులే తిప్పిండ్రట. సున్నానికి కాళ్లు పగిలి నెత్తురు కారుతుంటే రాత్రి ఆముదం రాసుకొని మళ్ల పొద్దున పోయేటోల్లట. ఇయ్యాల ఇంజినీర్లు ఆ గోడను గోటితోని గీకి చూసి "ఎంత గట్టిగుందో" అని మురుస్తున్నరు. గట్టిగనే ఉంటది సారూ. అండ్ల ఏమేం కలిసినయో మీ లిస్టుల పూర్తిగ లేదు.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నెత్తురు చిందిన నాటి నుంచి, గడి అంటే ఏందో తెలంగాణకు ఎవ్వరూ కొత్తగ చెప్పనక్కర లేదు. కని గడి సంగతి తెలిసిన తెలంగాణకు కూడ, గడి కూలినంక ఆ ముంగట జాగల ఎవరు కూసున్నరన్నది అంతగ తెల్వదు. అది చెప్పుత.

1972ల కరువొచ్చింది. గొడ్లు సచ్చినయి, ఎవుసం ఆగింది, మోటలు ఆగినయి. తోలు పనికి ఊర్ల గింజలిచ్చేటోడు లేకుండ పోయిండు. మా తాత రేకు డబ్బా ఎత్తుకొని బజారుకొచ్చి, కమాన్ కు అవతల మోరి పక్కన కూసున్నడు. కమాన్ కిందికి వచ్చే ధైర్యం లేదు. 1978 సెప్టెంబర్ల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నరు. ఆ గాలి మా దిక్కు కూడ తిరిగింది. ఊర్లల్ల దొరలు ఒక్కొక్కరు హైదరాబాద్ దారి పట్టిండ్రు. మా దొర కూడ గడికి తాళమేసి పోయిండు. ఆ తెల్లారి మా తాత డబ్బా ఎత్తుకొని మోరి దాటిండు. కమాన్ నీడల, గడి తలుపుకు ఎదురుంగ గోనెసంచి పరుచుకొని కూసున్నడు. కాళ్లకు చెప్పులేసుకొని కూసున్నడు. సభ పెట్టలేదు, పాట పాడలేదు. ఒక మాదిగ మనిషి నీడల కూసున్నడు, అంతే. మా ఊరి నడిమిట్ల నిజమైన పునరుద్ధరణ ఏదన్న జరిగిందంటే అది ఆ పొద్దటి పూట జరిగింది.

బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహాడ్ ల చౌదారు చెరువు నీళ్లు తాగిండు. అది కూడ ఒక చిన్న ఊరే. ఆ చెరువు కూడ ఊరందరిదే అనేటోల్లు, మా జనం తప్ప అందరిది. నీళ్ల రుచి చూసెతందుకు పోలేదాయన, ఊరి నడిమి జాగ మీద మాకు గూడ హక్కుందని చెప్ప పోయిండు. తర్వాత అదే మాట రాజ్యాంగం 15వ అధికరణంల పడ్డది. అంగళ్లు, బాయిలు, చెరువులు, రోడ్లు, ప్రజలు కలిసే జాగలు ఎవ్వరికి కులం పేరుతోని అడ్డుపెట్టగూడదని. మా తాతకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన ఉత్తగనే మోరి దాటిండు.

నా సంగతి. నేను ఆరో తరగతి నుంచి పదో తరగతి దాక ఆ గడిలనే పెరిగిన. దొర బిడ్డగ కాదు, సాంఘిక సంక్షేమ హాస్టల్ పిల్లగానిగ. హాస్టల్ కు సొంత బిల్డింగు లేదని సర్కారు గడిని కిరాయికి తీసుకుంది. ముంగట హాళ్లల్ల వార్డెన్ ఆఫీసు, బియ్యం స్టోరు. పిల్లలకు గుర్రాల కొట్టం. గోడలకు గుర్రాలను కట్టే ఇనుప కడియాలు ఉండేటివి. మేము వాటికి సంచులు తగిలేసుకునేటోళ్లం. వానకు కురిస్తే రేకు పెట్టెలు నెత్తి మీద పెట్టుకొని నిలవడేటోళ్లం. మా పేరు మీద దొరింటికి నెలనెల కిరాయి పోయింది, మాకు గుర్రాల కొట్టం దక్కింది. అట్లనే ఎక్కాలు నేర్చుకున్నం. అండ్లకెళ్లే ఇద్దరు టీచర్లు, ఒక కండక్టరు, ఒక నర్సు మొగడు, నలుగురు మేస్త్రీలు వచ్చిండ్రు. గడి చరిత్రల గుర్రాల పేర్లు ఉన్నయట. మా పేర్లు లేవు.

ఇంకొకటి దాచకుండ చెప్పాలె. హాస్టల్ కిటికీల నుంచి చూస్తే కమాన్ కింద మా నాయిన కనపడేటోడు. తాత సచ్చినంక డబ్బా ఆయనకొచ్చింది. ఇంటర్ల చేరినంక నేను కమాన్ దారి విడిచి గంజు ఎనుక సందుల నుంచి కాలేజీకి పోయిన. దోస్తుల ముందల ఆయన పిలుస్తడేమోనని భయం. రెండేండ్లు అట్ల తిరిగిన. ఆయనకు తెలుసు. ఒక్కనాడు అడగలేదు. పైసలు అవసరమైతే మా అమ్మతోని పంపేటోడు, నన్ను అటు రమ్మనకపోయేది. ఇయ్యాల వాళ్లు ఆయనను కండ్లకు కనపడకుండ పక్కకు జరపాలె అంటుంటే నాకు కోపం ఎందుకొస్తున్నదంటే, ఆ పని ముందుగాల నేనే చేసిన గనుక.

నోటీసు వచ్చిన మూడో రోజు మీటింగు పెట్టిండ్రు. బజారు పెద్దలు, ఆఫీసర్లు, పట్నం నుంచి వచ్చిన కన్సల్టెంట్లు. తెర మీద బొమ్మలు చూపిచ్చిండ్రు. దొర కుర్చీల కూసున్న పాత ఫోటో ఒకటి వచ్చింది. ఆ ఫోటో నాకు ఎరుకే, హాస్టల్ వార్డెన్ గదిల ఉండేది. అసలు ఫోటోల కుర్చీకి కుడి పక్క నలుగురు మనుషులు ఉత్త కాళ్లతోని చేతులు కట్టుకొని నిలవడి ఉంటరు. తెర మీద వాళ్లు లేరు. ఫోటో అంచు కత్తిరించిండ్రు. తెర మీద కొత్త కమాన్ బొమ్మ కూడ చూపిచ్చిండ్రు. తెల్లగ మెరుస్తున్నది. రాతి ఫరసు, పూల కుండీలు, నల్లద్దాలు పెట్టుకున్న జంట ఒకటి ఐస్ క్రీం తింటున్నది. మా నాయిన కూసునే కాడ ఒక పెద్ద పూల కుండీ. పునరుద్ధరణ అంటే ఇదేనని నాకు అప్పుడు సమజైంది. పాత ఫోటోల కత్తిరిస్తరు, కొత్త బొమ్మల గియ్యరు.

గడిల మ్యూజియం పెడతరట. దొర మేనా, కత్తులు, వేట తుపాకులు పెడతరట. మిగిలిన గదులు హోటలయితయట. చెప్పులు కుట్టేటోల్లు, కూరగాయల గంపలోల్లు, తట్టలల్లే మేదరోల్లు, తాళాలు బాగుచేసే సాయెబులు, గాజుల బండ్లోల్లు అందరు బస్టాండు ఎనుక, చెత్త పోసే జాగ పక్కకు పోవాలెనట. నేను లేచి నిలవడ్డ.

"సార్, మ్యూజియంల మేనా పెడుతున్నరు. దాన్ని మోసిన బోయీల పేర్లు పెడతరా?"

కొంచెం సేపు ఎవ్వరు మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దమనిషి మర్యాదగనే అన్నడు. "సార్, మీరు చదువుకున్నోల్లు. అన్నిట్ల కులం తేవద్దు. ఇది ఊరందరి వారసత్వం."

ఈ "అందరి" అన్న మాట మాకు కొత్త కాదు. బాయి అందరిది, తాడు చేద మాత్రం మావి ముట్టొద్దు. గుడి అందరిది, గడప మాత్రం దాటొద్దు. బడి అందరిది, మా నాయిన వాకిట్ల కూసోని విన్నడు. ఇప్పుడు వారసత్వం అందరిది, నోటీసు మాత్రం మాది. అందరిదైతే ఏడు రోజుల నోటీసు కమాన్ కింద కూసున్నోనికే ఎందుకొచ్చింది? రాతి గద్దెల మీద రేకులు దించి రోడ్డు దాక జరిగిన పెద్ద అంగళ్లకు ఎందుకు రాలేదు? కులం నేను తేలేదు సారూ. మీ నోటీసు అడ్రసులనే ఉన్నది.

ఇంకో మాట అడుగుత. ఈ బజారు ఎందుకు సచ్చింది? మా నాయిన చెప్పుల డబ్బా చూసి గిరాకి పారిపోయిందా? బస్సులు బైపాస్ మీదికెళ్లి పోవుడు మొదలైనంక కమాన్ కాడ దిగే మనిషి తక్కువైండు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలొచ్చినంక, చానా జిల్లాలల్ల కలెక్టరాఫీసులు ఊరి బయట పెద్ద పెద్ద బిల్డింగులల్లకు పోయినయి. దరఖాస్తు పట్టుకొని వచ్చే రైతు ఇప్పుడు ఊరి నడిమిట్లకు రాకుండనే తిరిగిపోతున్నడు. మా ఊర్ల కూడ ఆఫీసులు ఒక్కొక్కటి మెయిన్ రోడ్డుకు జరిగినయి. బట్టల షాపులోల్లు, బంగారం షాపులోల్లు వాటి ఎంబడి పోయిండ్రు. పైస ఉన్నోడు నడిమి ఊరిని విడిచిపోయిండు. విడువనోల్లు ఎవరు? గంపలోల్లు, డబ్బాలోల్లు. ఇయ్యాల పొద్దుగాల ఆరు గంటలకు ఆ బజార్ల మనిషి అలికిడి ఉన్నదంటే తోటకూర కట్టలు పెట్టుకొని కూసున్న ఆడోల్ల వల్ల ఉన్నది. ఊపిరి పోసి నిలబెట్టినోల్లను తీసేసి, ఊపిరి పోస్తమని టెండర్లు పిలుస్తున్నరు.

నేను ఆ రాత్రి చట్టం చదివిన. ఉపాధ్యాయుడు చెయ్యగలిగింది అదే. 2014ల వీధి విక్రయదారుల చట్టం వచ్చింది. సరుకు అమ్మేటోల్లే కాదు, రోడ్డు మీద కూసోని పని చేసిపెట్టేటోల్లు కూడ అండ్ల వస్తరు. మూడో సెక్షన్ ల ఉన్నది: సర్వే పూర్తయి, అందరికి సర్టిఫికెట్లు ఇచ్చే దాక ఎవ్వరిని లేపగూడదు, జరపగూడదు. సర్టిఫికెట్ ఉన్నోన్ని జరపాలన్న ముప్పై రోజుల నోటీసు ఇయ్యాలె. టౌన్ వెండింగ్ కమిటీల నూటికి నలబై మందికి తక్కువ కాకుండ అమ్మకందార్లే ఉండాలె, అండ్ల మూడో వంతు ఆడోల్లు ఉండాలె. మా కాడ ఆ కమిటీ ఎప్పుడు కూసున్నదో మా గంపలోల్లకు ఎవ్వరికి ఎరుక లేదు.

అదే చట్టం రెండో షెడ్యూల్ కాడికొచ్చి నేను ఆగిన. యాబై ఏండ్లకు పైగ అమ్మకందార్లు యాపారం చేసిన మార్కెట్టును వారసత్వ మార్కెట్టుగ ప్రకటించాలె, అక్కడోల్లను జరపగూడదు. నాలుగు సార్లు చదివిన. వాళ్లు ఏ మాటతోని మమ్ముల లేపుతున్నరో, చట్టం అదే మాటతోని మమ్ముల కూసోబెట్టింది. వారసత్వం. వాళ్లు ఆ మాట గోడకు రాసిండ్రు. చట్టం మనిషికి రాసింది.

యాబై ఏండ్లని ఎట్ల రుజువు చేస్తవని అడుగుతరు గదా. మా నాయినను అడిగిన. ఆయన మాట్లాడకుండ ఇంట్లకు పోయి తాత ట్రంకు పెట్టె తీసిండు. అండ్ల దారం గుచ్చిన చిట్టీల కట్ట. తైబజారు చిట్టీలు. మోరి పక్కన కూసున్నందుకు కూడ పంచాయతోల్లు రోజు పైసలు వసూలు చేసిండ్రు. చదువు రాని మనిషి, ఎన్నడన్న అడుగుతరేమోనని ఒక్కొక్క చిట్టీ దాచిండు. అన్నిటికంటె పాతదాని మీద సిరా ఎలిసిపోయింది కని ఏడు కనపడుతున్నది. 1974. దొర వంశానికి మేనా ఉన్నది. మాకు చిట్టీల కట్ట ఉన్నది. మ్యూజియం పెట్టేటోల్లు ఈ కట్టకు ఒక అద్దాల పెట్టె చేయిస్తరా?

2020ల కరోనా వచ్చినప్పుడు ఇదే సర్కారు ఆఫీసోల్లు కమాన్ కాడికొచ్చి మా నాయిన ఫోటో తీసుకున్నరు. వీధి విక్రయదారుడని రాసుకొని, స్వనిధి పథకం కింద పదివేల లోన్ ఇప్పిచ్చిండ్రు. ఆయన కిస్తులు తప్పకుండ కట్టిండు. అప్పియ్యాల్సొచ్చినప్పుడు విక్రయదారుడు. గోడకు సున్నం ఏసేటప్పుడు ఆక్రమణదారుడు. మనిషి ఒక్కడే, డబ్బా ఒక్కటే, గోనెసంచి ఒక్కటే.

పాత రాళ్లంటే మాకు గిట్టదనుకోవద్దు. కృష్ణ ఒడ్డున అమరావతి మహాచైత్యానికి దాదాపు రెండు వేల ఏండ్ల కింద ఒక మనిషి పూర్ణఘటం చెక్కిన రాతి పలకను దానమిచ్చిండు. పేరు విధికుడు. చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, బిడ్డలు, అందరితోని కలిసి ఇచ్చినట్టు శాసనంల ఉన్నది. ఆయన తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని కూడ ఉన్నది. 2018ల ఆంధ్రప్రదేశ్ సర్కారు రాజముద్రల పెట్టుకున్న పూర్ణఘటం ఆ అమరావతి శిల్పానిదే. ఆ కాలంల ఒక పంతులు కొడుకు చెప్పులు కుట్టినా ఆయన పేరు రాతి మీదికెక్కింది. ఈ కాలంల చెప్పులు కుట్టేటోని కొడుకు పంతులైతే, తండ్రి పేరు నోటీసు మీదికెక్కింది. మాకు కావాల్సింది అసొంటి రాయి. మా పేరున్న రాయి. దాన్ని కాపాడమంటే నేను జీతం పైసలు కూడ ఇస్త.

2022ల కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. మంచిదే. సిమెంటు పూస్తే పాత గోడ చెమ్మను లోపల పట్టుకొని పాడయితదని, మళ్ల డంగు సున్నమే కావాలెనని ఇప్పుడు అందరికి తెలిసింది. అది కూడ మంచిదే. కని ఆ సున్నం విద్య ఎవరి చేతులల్లకెళ్లి వచ్చింది? వడ్డెరోల్లది, ఉప్పరోల్లది, గానుగ తిప్పిన మా ముత్తాతలది. అప్పుడు వెట్టికి నేర్చిన విద్య ఇప్పుడు కంపెనీలకు కాంట్రాక్టు అయింది. మా పోరగాండ్లు అదే పనిల తట్టలు మోసే కూలీలు అయిండ్రు.

హైదరాబాద్ ల 1935ల కట్టిన మొజంజాహి మార్కెట్టును బాగుచేసి 2020 ఆగస్టుల మళ్ల తెరిచిండ్రు. అక్కడ ఐస్ క్రీం దుకాణాలు ఇప్పటికి నడుస్తున్నయి. మార్కెట్టు మార్కెట్టుగనే ఉన్నది. వనపర్తి రాజుల ప్యాలెస్ ల సర్కారు పాలిటెక్నిక్ పెట్టిండ్రు. రాజు పండుకున్న కాడ పేదోని పిల్లలు పాఠం చదివిండ్రు. అంటే దారులున్నయి. మనసు లేదు.

గతం గతః, ఇంకెన్నాళ్లు పాత గాయాలు గెలుకుతవని కొందరు నన్ను అడిగిండ్రు. గతాన్ని తవ్వి సున్నం పూస్తున్నది మీరు. దొర మేనా మీకు గతం కాదు, వారసత్వం. మా తాత ఉత్త కాళ్లు మాత్రం గతమా? గతాన్ని ముట్టుకుంటే మొత్తం ముట్టుకోవాలె. కండ్లకు ఇంపైన సగాన్నే కడిగి, కడమ సగాన్ని బస్టాండు ఎనుక పారేస్తమంటే దాన్ని పునరుద్ధరణ అనరు. పాత పద్ధతే అంటరు. అప్పుడు దొర వస్తున్నడంటే మస్కూరి ముందుగాల వచ్చి బజారు ఖాళీ చేయించేటోడు. ఇప్పుడు టూరిస్టు వస్తున్నడంటే నోటీసు వచ్చింది.

కాబట్టి నేను అడిగేది రాసి ఇచ్చిన. గడిని కూలగొట్టుమని అడగలేదు. సున్నం పూయుండ్రి. డంగు పని మా వాడ పిల్లలకు, వడ్డెర పిల్లలకు నేర్పి, మేస్త్రీ కూలి ఇచ్చి పూయించుండ్రి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించిందని గడి తలుపు మీద తెలుగుల, ఉర్దూల రాయుండ్రి. ఫోటోను కత్తిరించకుండ పెట్టుండ్రి. గుర్రాల కొట్టంల మా హాస్టల్ పిల్లల పేర్లు రాయుండ్రి, ఆ ఇనుప కడియాలు అట్లనే ఉంచుండ్రి. హోటలొద్దు. అక్కడ పిల్లలకు లైబ్రరీ పెట్టుండ్రి. మెట్ల బాయి బాగు చేస్తే మొదటి చేద మా వాడ ఆడోల్లు తోడాలె. అన్నిటికంటె ముందు, చట్టం చెప్పినట్టు ఈ బజారును వారసత్వ మార్కెట్టుగ ప్రకటించుండ్రి. కమాన్ కింద కూసున్నోల్లకు ఎండ వాన తగలకుండ నీడ, తాగెతందుకు నీళ్లు, ఆడోల్లకు మరుగుదొడ్డి కట్టుండ్రి. బజారుకు కళ అంటే అది.

దరఖాస్తు ఇచ్చిన రెండో రోజు నాకు ఫోనొచ్చింది. "సర్కారు నౌకరి చేసుకుంట సర్కారు మీద మాట్లాడుతున్నవట. పిల్లలున్నోనివి, జర సూసుకో" అని. బెదిరింపు గాదది, మంచి కోరి చెప్పుడట. భయమైంది. అబద్ధమాడను. ఇంటి లోన్ ఉన్నది, చిన్న పిల్లలున్నరు, దూరానికి ట్రాన్స్ఫర్ చేస్తే ఆగం అయిత. రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటర్ల సందుల పొంటి తిరిగిన దారే మళ్ల యాదికొచ్చింది. ఇప్పుడు కూడ ఎనుక సందు ఉన్నది, దాంట్లకెళ్లి పోతే ఎవ్వరు ఏమనరు.

తెల్లారి నేను కమాన్ దారినే బడికి పోయిన. నాయిన కాడ బండి ఆపి, ఫోను సంగతి చెప్పిన. దరఖాస్తు వాపసు తీసుకోమంటడేమో అనుకున్న. కొడుకు నౌకరి కంటె డబ్బా ఎక్కువనా అంటడేమో అనుకున్న. ఆయన చెయ్యి ఆపకుండనే అన్నడు.

"మా అయ్య ఈ మోరి దాటనీకి ఆరేండ్లు పట్టింది బిడ్డా. మళ్ల దాటి అవతలికి పొమ్మంటె నాతోని కాదు. నువ్వు బడికి పో, ఆలిశమైతది."

నోటీసు గడువు ఏడు రోజులు దాటిపోయింది. జవాబు రాలేదు. కొత్త నోటీసు కూడ రాలేదు. గడి చుట్టు పరంజి కట్టలు కట్టిండ్రు, సున్నం బస్తాలు దిగినయి. మా నాయిన పొద్దున ఎనిమిదింటికి పోయి గోనెసంచి పరుచుకుంటున్నడు. చిట్టీల కట్ట జిరాక్స్ తీయించి అసలుది నా బీరువల పెట్టిన. కోర్టుకు పోవాల్సొస్తే పోత.

గడి నిలబడాలెనో కూలాలెనో ఊరందరు కూసోని మాట్లాడుదాం. కని ఆ ఊరందరిల కమాన్ కింద మనిషి ఉండాలె. ఆయన చెప్పులేసుకొనే ఉంటడు.